రెండో చీటీ

ఆ పరిశోధన సంస్థ మూడో అంతస్తులో, మెట్లకు ఎదురుగా ఉన్న గదిలో కూర్చునే ఆవిడని అందరూ కత్తెరమ్మ అనేవాళ్ళు. ముఖమ్మీద అనే ధైర్యం ఎవరికీ లేదు కానీ, ఆ పేరు ఆవిడకి తెలియకుండానూ లేదు. తెలిసి లోలోపల మురిసిపోయేది కూడా. నిజానికి ఆవిడ దగ్గర కత్తెర ఏమీ ఉండేది కాదు. ఉన్నదల్లా ఒక పాత కంప్యూటరు, అక్షరాలు అరిగిపోయిన కీబోర్డు, కిటికీ పక్కన ఒక ఇనప బీరువా. అయితే జీవుల జన్యు సమాచారం ఎవరు తెచ్చి చేతిలో పెట్టినా, పైనుంచి కిందకి ఒక చూపు చూసి సగం కత్తిరించి పక్కన పడేసేది. మిగిలిన సగం అద్దంలా ఉండేది. ఆవిడ చేతిలోంచి వచ్చిన లెక్కకి వంక పెట్టడం ఎవరి తరమూ కాదని పై అధికారి నలుగురిలో అంటూండేవాడు. వంక పెట్టబోయిన వాళ్ళ గతి ఏమయ్యేదో వేరే చెప్పక్కర్లేదు, ఆవిడ నోరూ కత్తెరే.

ఆవిడ పని జాతుల వంశవృక్షాలు కట్టడం. ఏ జీవి ఏ జీవికి దగ్గరి చుట్టం, ఎవరు ముందు వేరుపడ్డారు, ఎవరు తర్వాత వేరుపడ్డారు అన్నది తేల్చడం. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. తీరా దిగితే, జీవిలో ఉండే వేల జన్యువుల్లో ఒక్కొక్కటీ ఒక్కో కథ చెబుతుంది. ఏ మూడు జీవుల్ని ముందు పెట్టినా, "ఈ ఇద్దరూ దగ్గర, మూడోవాడు ముందే పోయాడు" అని ఒక జన్యువు అంటుంది. "కాదు, వాళ్ళిద్దరూ దగ్గర" అని ఇంకొకటి అడ్డం తిరుగుతుంది. వేలమంది సాక్షులు, ఒకరి మాట ఒకరికి పడదు. అందరి మాటా నిలబెట్టే వృక్షం ఎక్కడా ఉండదు. కాబట్టి అతి తక్కువమందిని అబద్ధాలకోరుల్ని చేసి, అతి ఎక్కువమంది మాట నిలబెట్టే వృక్షమేదో వెతకాలి. ఆవిడ ప్రతి సాక్ష్యానికీ నమ్మితే ఒకటి, నమ్మకపోతే సున్నా అని గుర్తు పెట్టి, ఏది నమ్మితే దేన్ని నమ్మకూడదో సమీకరణాలుగా రాసి కంప్యూటరుకి ఇచ్చేది. అది గంటో, రోజో, వారమో తంటాలు పడి ఒక వృక్షం ఇచ్చేది. ఇచ్చి ఊరుకోకుండా, ఇంతకంటే మెరుగైనది లేనే లేదని రుజువు కూడా ఇచ్చేది. ఆ రుజువంటే ఆవిడకి ప్రాణం. మనుషులు చేసే ఏ పనికైనా "ఇంకాస్త బాగా చేయాల్సింది" అనడానికి సందు ఉంటుంది, నా పనికి ఆ సందు లేదు అనేది.

ఇల్లూ వాకిలీ, అయినవాళ్ళూ అంటే ఆవిడకి అన్నయ్యే. ఆవిడ ఉండే రెండు గదుల ఇంటికి రెండు వీధుల అవతల అన్నయ్యా వదినా ఉండేవాళ్ళు. ఆయన పన్నెండేళ్ళు పెద్ద. పోస్టాఫీసులో ఉత్తరాలు ఊళ్ళవారీగా విడగొట్టే సార్టరుగా చేరి, సార్టరుగానే రిటైరైనవాడు. ఎదురుగా అరల అరల చెక్క బీరువా, చేతిలో ఉత్తరాల కట్ట, కళ్ళు చిరునామా మీద, చెయ్యి అరలో. రోజుకి వేల ఉత్తరాలు. సెలవు దొరికిందంటే మాత్రం ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి ఏదో ఒక నీళ్ళలో దిగేవాడు, నత్తల కోసం. ఆఫీసులో ఆయన పేరు నత్తల సార్. చదివింది పదో తరగతి. నత్తల గురించి ఆయనకి తెలిసినంత, వాటి మీద పట్టాలు పుచ్చుకున్నవాళ్ళకి తెలీదు. ఈ మాట చెల్లెలి అభిమానం కొద్దీ అన్నది కాదు, నిజంగానే తెలీదు.

ఆవిడకి పద్నాలుగేళ్ళప్పుడు, ఒక ఆదివారం పొద్దున, ఊరి అంచున రాళ్ళ మధ్య పారే సన్నని వాగులో అన్నయ్య బొటనవేలి గోరంత నత్తని పట్టాడు. మూతకి చిల్లులున్న రేకు డబ్బా పట్టుకుని గట్టు మీద నిలబడింది చిట్టి. చిట్టి అంటే ఆవిడే, అన్నయ్య చివరిదాకా అలాగే పిలిచాడు.

"చూడవే చిట్టీ, గుల్ల అచ్చం మైదానం నత్తలా ఉంది కదా?"

"ఊఁ."

"మరి గుడ్లు చూడు."

రాయి తిప్పి చూపించాడు. రాయి అడుగున గుడ్లు సన్నటి వరసలో, ఒకదాని పక్కన ఒకటి, కొలిచి పెట్టినట్టు అంటుకుని ఉన్నాయి. మైదానం నత్త అలా పెట్టదు, జిగురు ముద్దలా ఒకచోట కుమ్మరించి పోతుంది. వరసగా పెట్టేది పైన కొండల్లో ఉండే నత్త. "గుల్లది ఏముంది, నీళ్ళని బట్టి మారుతుంది. గుడ్లు పెట్టే తీరు అంత తొందరగా మారదు. ఇది కొండ నత్తకి చుట్టం" అన్నాడు అన్నయ్య. ఇరవయ్యారేళ్ళవాడు, నీళ్ళలో నిలబడి, ఆనందం పట్టలేక.

ఆ సంగతే ఒక చిన్న పత్రికలో ఒక్క పేరా రాశాడు. తర్వాత జరిగిన సభకి నత్తల మీద పెద్ద పేరున్న ప్రొఫెసరు గారు వచ్చారు. అన్నయ్య లేచి తన మాట చెప్పాడు. ప్రొఫెసరు గారు గుల్లని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మైదానం నత్తే. జాతుల్ని వేరుచేయడం ఉత్తరాలు సర్దినంత తేలిక కాదు నాయనా" అన్నారు. హాలంతా నవ్వింది. ఇంటికి వచ్చి అన్నయ్య "ఒప్పుకోలేదు" అని మాత్రం చెప్పాడు. ఆ ఉత్తరాల మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు. మళ్ళీ ఏ సభకీ వెళ్ళలేదు. వాగుకి మాత్రం వెళ్తూనే ఉన్నాడు, ముప్పై ఎనిమిదేళ్ళు.

తెచ్చిన గుల్లల్ని అగ్గిపెట్టెల్లో దూది పరిచి దాచేవాడు. ఒక్కో పెట్టెలో ఒక చీటీ: ఏ జాతి, ఎక్కడ, ఏ రోజు, ఎవరు తేల్చారు. ఆ చీటీల విషయంలో ఆయనకి ఉడుం పట్టు. చిన్నప్పుడు చిట్టి ఒకసారి తప్పుపడ్డ చీటీని చించబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"చీటీ తీసేయకూడదమ్మా. తప్పు చీటీ అయినా సరే. తప్పని తేలితే దాని కిందే ఇంకోటి పెట్టాలి. ఎవరు తేల్చారో పేరు రాయాలి. పాతది పారేస్తే, మనం ఎక్కడ పొరపాటు పడ్డామో వెనకొచ్చేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

ఆ మాట ఆవిడ ఒంటికి పట్టింది. అందుకే ఆఫీసులో కత్తిరించిన సమాచారాన్ని ఎప్పుడూ చెరిపేసేది కాదు. "తుక్కు" అని పేరు పెట్టి ఒక పక్కన దాచేది. దాచి మళ్ళీ దాని మొహం చూసేది కాదు, అది వేరే సంగతి.

అన్నయ్యకి అరవై నాలుగు నిండేసరికి గుండె నీరసించింది. కాళ్ళు పొంగాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఏడాది గడిస్తే గొప్ప అని డాక్టరు వదినతో అన్నాడు. వదిన వచ్చి చిట్టితో అంది. ఇద్దరూ వంటింట్లో నిలబడి, కుళాయి తిప్పి పెట్టి, ఆ చప్పుడులో ఏడ్చారు.

ఆ వారమే ఆవిడ ఒక నిర్ణయానికి వచ్చింది. సంస్థలో పదకొండు జాతుల నత్తల వంశవృక్షం కట్టే పని నడుస్తోంది. కొండ నత్తా ఉంది, మైదానం నత్తా ఉంది. పై అధికారి గదిలోకి వెళ్ళి "పన్నెండోదిగా ఒక వాగు నత్తని కూడా కలుపుతాను" అంది. ఎందుకని ఆయన అడగలేదు. కత్తెరమ్మ ఒకటి కావాలని అడగడం అదే మొదలు.

అన్నయ్యకి చెబితే, పడక్కుర్చీలో కూర్చున్న మనిషి నిటారుగా లేచి కూర్చున్నాడు.

"ఈసారి గుల్ల చూసి చెప్పరు కదా?"

"గుల్ల ఊసే లేదన్నయ్యా. అంతా లోపలిదే, జన్యువులు. నాలుగు వేల జన్యు కుటుంబాలు. నాలుగు వేలమంది సాక్షులనుకో."

"అయితే తేలిపోతుంది."

"తేలిపోతుంది. మళ్ళీ ఎవరూ నోరెత్తడానికి ఉండదు."

వాగుకి ఆవిడే వెళ్ళింది, ప్యాంటు మడిచి, అదే రేకు డబ్బాతో. ఆ తర్వాత నాలుగు నెలలు అన్నయ్య కళ్ళలో వత్తులు వేసుకుని ఎదురుచూశాడు. రోజూ సాయంత్రం ఆవిడ గేటు తీస్తుంటేనే "ఎందాకా వచ్చింది?" అని లోపల్నుంచి కేక వినపడేది. బతకాలని ఉందని ఆయన ఎప్పుడూ అనలేదు. ఆ ఒక్క జవాబు విని పోవాలని మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు.

సమాచారం చేతికొచ్చాక ఆవిడ తన అలవాటు ప్రకారం శుభ్రం చేసింది. జీవుల్లో ఒక్కోసారి ఒక జన్యువుకి నకలు తయారవుతుంది. ఒకటి ఉండాల్సిన చోట రెండు ఉంటాయి, రెండూ తలో దారిన మారుతూ పోతాయి. అవి ఉంటే లెక్క తికమకవుతుందని, జీవికి ఒకటే ఉంచి రెండోది తీసేయడం ఆవిడ పాతికేళ్ళుగా చేస్తున్న పని. పొడుగ్గా, పూర్తిగా ఉన్నదాన్ని ఉంచేది. పొట్టిగా ఉన్నదాన్ని తుక్కులోకి తోసేది. వాగు నత్తలో రెండేసి ఉన్నవి చాలానే కనిపించాయి. అన్నిటికీ అదే కత్తెర. అన్నయ్య నత్త కదా అని చెయ్యి మెత్తబడకూడదని, ఇంకాస్త గట్టిగానే వేసింది.

కంప్యూటరు ఆరు రోజులు తీసుకుంది. ఏడో రోజు పొద్దున ఆవిడ బ్యాగు కూడా దించకుండా తెర ముందు నిలబడి చూసింది. వాగు నత్త మైదానం నత్త పక్కన ఉంది. కొండ నత్త ఎక్కడో దూరపు కొమ్మ మీద ఉంది. కింద, ఇంతకంటే మెరుగైన వృక్షం లేదని ఆ రుజువు.

మూడుసార్లు మళ్ళీ నడిపించింది. మూడుసార్లూ అదే. తెలిసిన సమీకరణాలు, తన చేత్తో రాసినవి, ఎక్కడా అక్షరం తప్పు లేదు. ఆ మూడు వారాలూ అన్నయ్యతో "ఇంకా అవలేదు" అని బొంకింది. నాలుగో వారం ఇక తన వల్ల కాలేదు. ఆయనతో అబద్ధం ఆడటం కంటే ఆయన్ని బాధపెట్టడమే మర్యాద అనుకుంది.

సాయంత్రం. కిటికీలోంచి ఎండ ఆయన పాదాల దాకా వచ్చి ఆగింది. పాదాలు ముక్కాలిపీట మీద ఉన్నాయి.

"తేలిందన్నయ్యా."

ఆయన ఆవిడ మొహం చూశాడు. అంతే, అర్థమైపోయింది. అయినా "చెప్పు" అన్నాడు.

"మైదానం నత్తే. దానికే దగ్గర."

ఆయన మామూలు గొంతుతోనే అడిగాడు. "ఎలా తేల్చావో కాస్త చెప్పవే. ఊరికే, తెలుసుకుందామని."

ఆవిడ చెప్పింది. సాక్షులు, ఒకట్లు, సున్నాలు, రుజువు. నకళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆపాడు.

"రెండున్నప్పుడు ఒకటి తీసేస్తావా?"

"తీసేస్తాం. పొడుగ్గా ఉన్నది ఉంచుతాం."

"మా దగ్గర ఒకే చిరునామాకి రెండు ఉత్తరాలొస్తే రెండూ ఇచ్చేవాళ్ళం. లావుది ఇచ్చి పల్చటిది పారేసేవాళ్ళం కాదు."

ఆవిడకి నవ్వొచ్చింది. ఆయన మాటలో అమాయకత్వానికి ముద్దొచ్చింది కూడా. "ఇది ఉత్తరాలు సర్దినంత తేలిక కాదన్నయ్యా" అంది.

అన్నయ్య కిటికీ వైపు తిరిగాడు. "నిజమే" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కబురు పెట్టాడు, అగ్గిపెట్టెలు దించి పెట్టమని. వాగు నత్తవి అరవై మూడు పెట్టెలు. "తప్పని తేలాక చీటీ మార్చకుండా పోతే ఎలా? వెనకొచ్చేవాళ్ళని తప్పుదారి పట్టించినట్టు కాదూ" అన్నాడు. వదిన వద్దంది, నెత్తీ నోరూ బాదుకుంది. వింటేగా. పదకొండు రోజులు, రోజుకి ఐదారు చీటీలు. చెయ్యి వణికితే కాసేపు ఆగి మళ్ళీ రాసేవాడు. ఆఫీసు నుంచి వచ్చి ఆవిడ పక్కన కూర్చుని కాగితం చీటీలుగా కత్తిరించి ఇచ్చేది. అప్పుడు మాత్రం చేతిలో నిజం కత్తెరే. జాతి పేరు దగ్గర "మైదానం నత్త" అని రాసి, తేల్చినవారు అన్న చోట ఆయన చెల్లెలి పేరు రాశాడు.

"నా పేరెందుకన్నయ్యా, నీ పేరే రాయి."

"నేను తేల్చింది తప్పు కదే. తేల్చింది నువ్వు. పద్ధతి అంటే పద్ధతే."

ప్రతి పెట్టెలోనూ పాత చీటీ అలాగే ఉంచి, దాని కింద కొత్తది పెట్టి మూశాడు. పన్నెండో రోజున ఒక ఉత్తరం రాసి, కవర్లో పెట్టి అంటించి, తానే పోస్టు చేస్తానని పట్టుబట్టాడు. వీధి చివర ఎర్ర డబ్బా దాకా ఆయన్ని నడిపించడానికి ఆవిడకి ఇరవై నిమిషాలు పట్టింది. కవరు మీద ప్రొఫెసరు గారి పేరు ఆవిడ చూసింది. ఉత్తరం డబ్బాలో పడ్డ చప్పుడు విని, అన్నయ్య డబ్బా మీద చెయ్యి వేసి కాస్త ఊపిరి తీసుకుని "పదవే" అన్నాడు.

ఆ తర్వాత ఆయన నత్తల మాట ఎత్తలేదు. ఆవిడ గేటు తీస్తే లోపల్నుంచి కేక వినపడటం మానేసింది. మూడు వారాలు గడిచాక, ఒక మధ్యాహ్నం వదిన మందు తెచ్చేలోపు పడక్కుర్చీలోనే పోయాడు.

ఎనిమిది నెలల తర్వాత సంస్థలో ఒక అమ్మాయి కొత్తగా చేరింది. మెతక మనిషి, మాట పైకి రాదు. నత్తల మీద కత్తెరమ్మ రాసిన వ్యాసం అచ్చుకి పంపేముందు చదవమని ఆ అమ్మాయికి ఇచ్చారు. రెండు రోజులు చదివి, తలుపు దగ్గర నిలబడి అడిగింది.

"మేడమ్, వాగు నత్తలో రెండో నకళ్ళు ఒక్కటి కూడా లేవేంటి?"

"తీసేశాను."

"అన్నీనా?"

"అన్నీ. పాతికేళ్ళుగా తీసేస్తున్నాను. ఏం?"

ఆ అమ్మాయి భయపడింది. భయపడుతూనే, "అసలు సంగతి వాటిల్లోనే ఉంటుంది కదా మేడమ్" అంది.

ఆవిడకి ఒళ్ళు మండింది. పొమ్మని చెయ్యి ఊపింది. ఆ అమ్మాయి వెళ్ళిపోయింది కానీ మాట వెళ్ళలేదు. సాయంత్రం దాకా ఆవిడ అలాగే కూర్చుంది. ఒకే చిరునామాకి రెండు ఉత్తరాలొస్తే. ఆ మాట ఎవరన్నారో గుర్తొచ్చి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

సంగతి ఇది. ఒక ఇంట్లో పాతకాలం పాటల పుస్తకం ఒకటి ఉందనుకుందాం. ఎవరో ఒక పెద్దాయన దానికి ఇంకో ప్రతి రాశాడు. ఒకటి ఎర్ర అట్ట, ఒకటి నీలం అట్ట. ఆ ఇంటి పిల్లలు వేరుపడుతూ రెండేసి పుస్తకాలూ పట్టుకుపోయారు. తరాలు గడిచాక ఒక ఇంట్లో ఎర్రది చినిగిపోయింది, ఇంకో ఇంట్లో నీలంది. మూడో ఇంట్లో రెండూ ఉన్నాయి. ఇప్పుడెవరో వచ్చి, ఆ మూడో ఇంట్లో ఎర్రదాన్ని అవతల పారేసి, నీలందాన్ని మాత్రం పట్టుకుని ఇల్లిల్లూ పోల్చి చూస్తే, నీలం పుస్తకం మిగిలిన ఇల్లే దగ్గరి చుట్టం అని తేలుతుంది. ఎర్ర పుస్తకం మిగిలిన ఇల్లు సొంత అన్నదమ్ములదైనా పరాయివాళ్ళలాగే కనపడుతుంది. రెండూ ఉంచి చూసి ఉంటే, ఏ తేడా నకలు రాసినప్పుడు వచ్చిందో, ఏ తేడా ఇళ్ళు వేరుపడ్డప్పుడు వచ్చిందో విడదీసి చెప్పొచ్చు. వాగు నత్తలో రెండూ ఉన్నాయి. పొట్టిగా ఉందని ఆవిడ తుక్కులోకి తోసిన ప్రతీ, కొండ నత్త దాచుకున్న ప్రతీ ఒకటే.

తుక్కు తెరిచింది. అన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. తొమ్మిది రోజులు పట్టింది ప్రతి జన్యు కుటుంబం చరిత్రా మళ్ళీ రాయడానికి, ఎక్కడ నకలు పుట్టింది, ఎక్కడ జాతులు వేరుపడ్డాయి, ఎక్కడ ఏది పోయింది. ఆ అమ్మాయిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. క్షమించమని అడగలేదు, ఆవిడకి ఆ విద్య రాదు. తన కప్పులో టీ సగం పోసిచ్చింది.

కంప్యూటరు ఈసారి రెండు రోజుల్లోనే తేల్చింది. వాగు నత్త కొండ నత్త పక్కన, ఒకే కొమ్మ మీద, ఎక్కడా అనుమానం లేకుండా. కింద, ఇంతకంటే మెరుగైన వృక్షం లేదని అదే రుజువు, అవే మాటల్లో. యంత్రం అప్పుడూ అబద్ధం చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు. దానికి ఏ సాక్షుల్ని చూపిస్తే వాళ్ళ మాటే విన్నది. మిగతా సాక్షుల్ని గుమ్మం బయట నిలబెట్టింది ఆవిడ.

ఆఫీసులో ఏడవలేదు. మెట్లు దిగింది, బస్సెక్కింది, దిగాల్సిన చోటే దిగింది. గేటు తీసింది. లోపల్నుంచి కేక లేదు. అప్పుడు అక్కడే, గేటు పట్టుకుని, వీధిలో జనం చూస్తుండగా ఏడ్చింది.

వదిన ఆరిన బట్టలు మడతపెడుతోంది. విన్నంతసేపూ ఆ మడతలు ఆగలేదు.

"అన్నయ్యదే సరి, వదినా. మొదట్నుంచీ ఆయనదే సరి. నేనే తప్పు చెప్పాను."

"ఆయనతో అనాల్సిన మాట కదే చిట్టీ ఇది" అంది వదిన. "నాతో అంటే నేనేం చేసుకోను?"

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేదని ఆవిడకి అనిపించింది.

ఒక్కటి మాత్రం చేయగలిగింది. ప్రొఫెసరు గారికి ఉత్తరం రాసింది, ఉన్నది ఉన్నట్టుగా, తన తప్పుతో సహా. జవాబు పదిహేను రోజులకి వచ్చింది. ఆయనకిప్పుడు ఎనభై ఆరట. అక్షరాలు వంకర్లు పోయి ఉన్నాయి. "ఆ రోజు సభలో నేనేమన్నానో నాకు గుర్తు లేదు. మీ అన్నగారు మర్చిపోలేదని ఆయన ఉత్తరం చూశాకే తెలిసింది. అది నా దగ్గర ఉండదగినది కాదు. తిరిగి పంపుతున్నాను" అని రాశారు. జవాబు వెనక మడత పెట్టి, అన్నయ్య ఉత్తరం.

వదిన ఎదురుగా కూర్చుని, ఆవిడే పైకి చదివింది.

"అయ్యా, ముప్పై ఎనిమిదేళ్ళ కిందట సభలో మీతో వాదించిన పోస్టాఫీసు మనిషిని. వాగు నత్త విషయంలో మీరన్నదే సరి అని తేలింది. జాతుల్ని వేరుచేయడం ఉత్తరాలు సర్దినంత తేలిక కాదని ఆ రోజు మీరన్నారు..."

అక్కడ ఆవిడ ఉత్తరం కిందకి దించేసింది. కిటికీ, ముక్కాలిపీట మీద పాదాలు, "నిజమే" అన్న మాట, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. ఆ మాట ఆయన రెండోసారి విన్నది తన నోటి నుంచి. నవ్వుతూ అంది తను.

మిగతాది వదిన తీసుకుని చదివింది.

"...ఆ మాటకి మీ మీద ఇన్నేళ్ళూ కోపం పెట్టుకున్నాను. క్షమించండి. ఇది తేల్చింది మా చెల్లెలు. అందుకని మళ్ళీ సరిచూసుకోవాల్సిన అవసరం నాకు కనపడలేదు. దేన్నీ చూడకుండా పారేసే మనిషి కాదు తను. ఓడిపోయినా మా ఇంటి పిల్ల చేతిలో ఓడిపోయాను కనక, నాకు కాస్త గర్వంగానే ఉంది. నమస్కారాలతో."

ఉత్తరం మడిచి పెట్టి వదిన లేచి, అటక మీది అట్టపెట్టె దించి తెచ్చి బల్ల మీద పెట్టింది. అరవై మూడు అగ్గిపెట్టెలు. పక్కన కాగితం, కలం, కత్తెర కూడా పెట్టి, తన పనికి తను వెళ్ళిపోయింది.

ఆవిడ మొదటి పెట్టె తెరిచింది. దూది మీద బొటనవేలి గోరంత గుల్ల. పైన పసుపెక్కిన చీటీ, ఇరవయ్యారేళ్ళవాడి గుండ్రటి అక్షరాలు: కొండ నత్తకు చుట్టం. దాని కింద తెల్ల చీటీ, వణికిన అక్షరాలు: మైదానం నత్త, తేల్చినవారి చోట తన పేరు. ఆ తెల్ల చీటీని తీసి, నలిపి, మింగేయాలన్నంత కోరిక పుట్టింది. వేళ్ళు దాని అంచు దాకా వెళ్ళాయి.

తీయకూడదు. తప్పు చీటీ అయినా సరే. అది చెప్పినవాడు లేడు కాబట్టి అసలే తీయకూడదు.

కాగితం కత్తిరించి మూడో చీటీ రాసింది. "మొదటి చీటీయే సరి. రెండోది నా తప్పు." తేల్చినవారు అన్న చోట అన్నయ్య పేరు రాసింది. తేదీ దగ్గర ఇవాళ్టిది రాయలేదు. వాగులో ఆయన రాయి తిప్పి చూపించిన ఆదివారం తేదీ, పసుపు చీటీ చూసి, అదే వేసింది. మూడు చీటీలూ ఒకదాని కింద ఒకటి సర్ది, పెట్టె మూసి పక్కన పెట్టి, రెండో పెట్టె తెరిచింది.